జాతర, బలి, మన తెలుగు

మన తిరుత్తణి 1953లో ఆంధ్ర రాష్ట్రంలో చేరి, 1960 ఏప్రిల్ 1న తిరిగి మద్రాసు రాష్ట్రానికి వచ్చింది. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని అటు వెళ్ళాయి. ఎల్లలు మారినా గ్రామదేవతలు మారలేదు. గుడి ఆవరణలో జంతుబలిని నిషేధించిన 1950 నాటి మద్రాసు చట్టమూ రెండు వైపులా నిలిచింది, చాలా ఊళ్ళలో కాగితం మీదే.

2003 ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం దాన్ని గట్టిగా అమలు చేయమంది. ఊళ్ళలో అసంతృప్తి రేగింది. 2004లో చట్టమే రద్దయింది. ఆంధ్రలో మాత్రం అది ఇప్పటికీ ఉంది. అమ్మవారి గుడి ముందు పొట్టేలును కొడితే అవతల ఆ చట్టం కింద నేరం, ఇవతల ఆ చట్టమే లేదు.

బడిలో తెలుగు సన్నగిల్లిన చోట జాతరే మన గుర్తింపు, అందులో దేన్నీ తీసెయ్యకూడదని మిత్రులంటారు. 2017 జనవరిలో జల్లికట్టు కోసం మెరీనాలో కూడిన తమిళులదీ ఇలాంటి వాదనే. ఆ బాధ నాకు తెలుసు. బ్యాంకులో మేకల లోన్లు రాసినవాణ్ణి, మాంసం తినేవారికి నీతులు చెప్పను. అయితే, ఇంట్లో అమ్మవారి పాట ఒక్కటీ రాని పిల్లవాడికి బలి చూపిస్తే తెలుగు వస్తుందా? అంబలి, పొంగలి, వేపాకు, పలకల మోత, పాటలు ఉంటే జాతర ఉన్నట్టే. ముందు ఆ పాటలు నేర్పుదాం. పొట్టేలు సంగతి ఊరి పెద్దలు ఆలోచించాలని నా మనవి.