బడి గేటు దాటిన తర్వాత

షాబాద్ నుంచి చేవెళ్లకు, చేవెళ్ల నుంచి మొయినాబాద్‌కు పొద్దున్నే బస్సెక్కితే నిలబడడానికి చోటు దొరకదు. ఎటు చూసినా బడి సంచులే. ఇది ఎప్పుడూ ఇట్లాగే ఉందని నేటి పిల్లలు అనుకుంటారు. ముప్పై అయిదేళ్ల కింద ఇదే వేళకు ఈ ఊళ్లలో పసుల మందలు బయలుదేరేవి. మందల వెంబడి కట్టె పట్టుకొని పిల్లలు నడిచేవారు. వాళ్లలో మా తండాల పిల్లలూ ఉన్నారు. ఆ పిల్లలు బడికెట్లా వచ్చారో, వచ్చినాక వాళ్ల రక్షణ ఏమైందో మన యువతకు, మన టీచర్లకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాము.

'జీతం' అనే మాటకు ఇప్పుడు నెల మొదట్లో బ్యాంకులో పడే డబ్బు అని అర్థం. మా పెద్దవాళ్లకు ఆ అర్థం లేదు. కూతురి పెళ్లికో, రోగానికో, ఎండిన బావిని ఇంకా లోతు తవ్వించడానికో తండ్రి పటేలు దగ్గర అప్పు తెచ్చేవాడు. అది తీరేదాకా కొడుకు పటేలు ఇంట్లో 'జీతం ఉండేవాడు'. పసులు కాయడం, పేడ తీయడం, పొలానికి నీళ్లు కట్టడం అతని పని. ఆడపిల్లలు ఇంట్లో తమ్ముళ్లను ఎత్తుకొని, కట్టెలు తెచ్చి, కాస్త ఎదిగితే కూలికి పోయేవారు. వెట్టిచాకిరీని రద్దుచేసే చట్టం 1976లోనే వచ్చింది. కానీ ఎనిమిదేళ్ల పిల్లవాడు పసుల వెంబడి పోతుంటే అది వెట్టి అని ఎవరికీ తోచలేదు. 'బీదోళ్ల పిల్లలు పని చెయ్యకుంటే ఎట్ల బతుకుతరు?' అని పటేలు అన్నాడు, ఆఫీసరు అన్నాడు, బడిలో సారు కూడా అన్నాడు. మేమూ అదే అనుకున్నాము.

ఆ మాటను తిప్పికొట్టిన పని మన రంగారెడ్డి జిల్లాలోనే మొదలైంది. మామిడిపూడి వెంకటరంగయ్య ఫౌండేషన్ 1981లో ఏర్పడింది. ఆ పండితుని మనుమరాలు, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో రాజనీతి శాస్త్రం బోధించిన శాంతా సిన్హా, 1987లో వెట్టి నుంచి బయటపడిన పిల్లలను బడికి తయారుచేయడానికి మూడు నెలల శిబిరం నడిపారు. 1991 నుంచి ఫౌండేషన్ ఆ పనిని జిల్లా పల్లెల్లోకి తెచ్చింది. శంకర్‌పల్లి, చేవెళ్ల, షాబాద్, మొయినాబాద్ ప్రాంతాలు ఆ పనికి తొలి నేలలు. వయసు మీరిన పిల్లలు శిబిరాల్లో కొన్ని నెలలు ఉండి, అక్షరాలు నేర్చి, తమ వయసుకు తగిన తరగతిలో చేరేవారు. పదేళ్ల పిల్లవాణ్ణి ఒకటో తరగతిలో కూర్చోబెట్టి సిగ్గుపడేట్టు చేయకూడదన్నది ఆ శిబిరాల లోపలి ఆలోచన.

వాళ్లు పట్టుకున్న సూత్రం ఒక్కటే. బడిలో లేని ప్రతి పిల్ల, ప్రతి పిల్లవాడు బాలకార్మికులే. అప్పటికి ఉన్న 1986 చట్టం అట్లా చెప్పలేదు. ప్రమాదకరమైన కొన్ని పనులనే నిషేధించింది. పొలం పని, పసుల కాపు, ఇంటి చాకిరీ ఆ నిషేధానికి బయటే ఉండిపోయాయి. పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని ఆ చట్టాన్ని సవరించింది 2016లో. అప్పుడు కూడా బడి వేళ కాని వేళల్లో కుటుంబానికి సాయం చేయడాన్ని మినహాయించింది. అంటే మన ఊళ్లలో 1990లలోనే చెప్పుకున్న మాట ఢిల్లీ చట్టంలోకి రావడానికి పాతికేళ్లు పట్టింది.

ఆ పని ఎట్లా సాగిందో గమనించాలి. ఊరి యువకులు ఇల్లిల్లూ తిరిగి ప్రతి పిల్ల పేరు రాశారు. బడికి పోతున్నది ఎవరు, పోనిది ఎవరు, పోనివాళ్లు ఎక్కడున్నారు అన్నది ఆ జాబితాలో ఉండేది. సర్పంచులు, తల్లులు ఆ జాబితా ముందర పెట్టుకొని మాట్లాడారు. ప్రభుత్వ టీచర్లు బాల కార్మిక విమోచన వేదికగా ఏర్పడి, బడి గంట అయినాక ఇళ్లకు నడిచారు. ఒక పిల్ల నాలుగు రోజులు కనబడకపోతే ఎవరో ఒకరు గుమ్మం ముందు నిలబడి 'బిడ్డ ఏది?' అని అడిగేవారు. మన ప్రాంతంలో బాలల రక్షణ అనేదానికి మొదటి పనిముట్టు ఆ జాబితా. దాని బలమంతా ఆ ఒక్క ప్రశ్నలో ఉంది.

అయితే ఆ ప్రశ్న చాలామంది ఇళ్లలో బడి గేటు దగ్గర ఆగిపోయింది. పిల్ల లోపలికి పోయిందంటే గెలిచామనుకున్నాము. లోపల ఏం జరుగుతున్నదని అడగడం మాకు తెలియలేదు.

మాలో చాలామందిమి తరగతిలో గోర్‌బోలి మాట్లాడి దెబ్బలు తిన్నవాళ్లమే. నీళ్లు అడగడానికి తెలుగు మాట దొరకక దాహంతో కూర్చున్నవాళ్లమే. మాలో ఒకరు చదివిన వసతి గృహంలో, చిన్నపిల్లల చేత పెద్ద పిల్లలు బట్టలు ఉతికించుకునేవారు, ఒప్పుకోకపోతే రాత్రి నిద్రపోనిచ్చేవారు కాదు. సెలవులకు ఇంటికి పోతే యాడి ఆప్యాయంగా అడిగేది: 'తింటున్నవా బిడ్డా? మంచిగ చదువుతున్నవా?' తింటున్న అనేవాళ్లము. చదువుతున్న అనేవాళ్లము. నిన్నెవరన్నా కొడుతున్నరా, నీకు భయమైతదా అని ఆమె అడగలేదు. బడిలో అట్లాంటివి ఉంటాయని బడి మొగం చూడని ఆమెకు ఎట్లా తెలుస్తుంది? సారు కొడితే చదువు కోసమే కొట్టాడనుకునేది.

ఆదివాసీ పిల్లల బడి ఇట్లాగే ఉండాలని ఏమీ లేదు. ఆదిలాబాద్ అడవుల్లో కుమ్రం భీమ్ 1940లో అమరుడైన తర్వాత, నిజాం ప్రభుత్వం కోసం పనిచేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ 1943లో మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే కేంద్రం పెట్టించారు. గోండిలో పాఠాలు తయారయ్యాయి. పిల్లవాడి భాష తెలిసిన మనిషి బడిలో ఉన్నాడు. పిల్లల రక్షణ గురించి ఆలోచించేటప్పుడు ఈ సంగతి మరువకూడదు. తన బాధ చెప్పుకోవడానికి భాష లేని పిల్లకు ఏ చట్టమూ పూర్తిగా చేరదు.

తెలంగాణ లంబాడీలకు 1976 నాటి చట్టంతో షెడ్యూల్డు తెగల హోదా వచ్చింది. వసతి గృహాలు, ఆ తర్వాత గురుకులాలు మా పిల్లలకు తలుపులు తెరిచాయి. మా తండాల నుంచి టీచర్లు, నర్సులు, ఇంజినీర్లు వచ్చారంటే ఆ తలుపుల వల్లనే. వాటిని మేము తక్కువ చేయడం లేదు. కానీ తండాలు చిన్నవి, హైస్కూలు దూరం. అయిదో తరగతిలోనే పిల్ల ఇల్లు విడిచి గురుకులానికి పోతుంది. ఊళ్లో బడికి పోయే పిల్ల సాయంత్రం ఇంటికొస్తుంది, ముఖం చూసి తల్లి కనిపెడుతుంది. హాస్టల్లో ఉన్న పిల్ల ముఖం తల్లికి నెలల తరబడి కనబడదు. రక్షణ అవసరం ఎక్కువున్న చోటనే 'బిడ్డ ఏది?' అని అడిగే గొంతు దూరమైంది.

మూసిన తలుపుల వెనుక ఏం జరగవచ్చో మన ప్రాంతం ఒకసారి చూసింది. 1999లో, మళ్లీ 2001లో హైదరాబాద్ పరిసరాల్లో దత్తత పేరుతో సాగిన వ్యాపారం బయటపడింది. తండాల్లోని పేద తల్లుల నుంచి ఆడ శిశువులను కొద్ది డబ్బుకు తీసుకొని, విదేశీ దత్తతలకు పంపిన సంగతి దేశమంతా మాట్లాడుకున్నది. పిల్లలకు నీడనిస్తామన్న బోర్డు చూసి నమ్మి ఊరుకోవద్దని అది నేర్పింది. సంస్థ మంచిదైనా సరే, దాన్ని అడిగేవాళ్లు ఉండాలి.

చట్టాలు మెల్లగా గేటు లోపలికి వచ్చాయి. ఉమ్మడి రాష్ట్రంలో 2002లో విద్యా నిబంధనలను సవరించి బడిలో కొట్టడాన్ని నిషేధించారు. 2007లో జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఏర్పడింది. మన ఊళ్లలో పనిచేసిన శాంతా సిన్హాయే దానికి మొదటి అధ్యక్షురాలు. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ శరీరాన్ని కొట్టడాన్నే కాదు, మనసును వేధించడాన్నీ నిషేధించింది. గోర్‌బోలి మాట్లాడిందని పిల్లను నలుగురిలో ఎగతాళి చేయడం కూడా ఈ వేధింపే. 2012 నవంబర్ 14న పోక్సో చట్టం అమల్లోకి వచ్చింది.

పోక్సో గురించి టీచర్లు మూడు సంగతులు తెలుసుకోవాలి. ఒకటి, పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవారు, జరగవచ్చని భయపడేవారు పోలీసులకు చెప్పి తీరాలి. ప్రిన్సిపాల్‌కు చెప్పి ఊరుకుంటే సరిపోదు. చెప్పకపోతే ఆరు నెలల దాకా శిక్ష ఉంది. తన కింద పనిచేసేవారి నేరాన్ని దాచిన సంస్థ పెద్దకు ఏడాది దాకా ఉంది. మంచి మనసుతో ఫిర్యాదు చేసినవారి మీద మాత్రం ఏ కేసూ ఉండదు. రెండు, పిల్ల చెప్పింది ఆమెకు అర్థమయ్యే భాషలో రాయాలి, అవసరమైతే దుబాసీని పెట్టాలి. గోర్‌బోలి, కోయ, గోండి మాట్లాడే పిల్లకు ఇది హక్కు. మూడు, పిల్ల పేరు, ఊరు, బడి బయటకు తెలిసేట్టు ఎవరూ ప్రచారం చేయకూడదు.

మా వైపు తప్పు కూడా చెప్పుకోవాలి. ఆడపిల్ల మీద చెయ్యి పడితే, రేపు పెళ్లి కాదన్న భయంతో తండాలో కొందరు పెద్దలు కూర్చొని జరిమానా వేసి ముగించిన పంచాయితీలు ఉన్నాయి. భూమి తగాదాకు, ఆలుమగల గొడవకు నాయక్, కారోబారి మాట విలువైనది కావచ్చు. పిల్ల మీద జరిగిన నేరానికి అది చెల్లదు. ఆ జరిమానా డబ్బు పిల్లకు న్యాయం కాదు, ఆమె నోటికి వేసిన తాళం. తప్పు చేసినవాడు మరో పిల్ల దగ్గరికి పోతాడు. ఈ మాట తండాలో చదువుకున్న యువతే ముందు అనాలి.

ఇప్పుడేం చేయాలంటే, ఆనాటి జాబితాను మళ్లీ చేతిలోకి తీసుకోవాలి. మన తండా పిల్లలు ఎవరెవరు ఏ హాస్టల్లో ఉన్నారో పేరు పేరునా రాసుకోవాలి. 2018 చట్టంతో చాలా తండాలు గ్రామపంచాయతీలయ్యాయి కనుక ఆ పుస్తకం పంచాయతీలోనే ఉండవచ్చు. నెలకొకసారి ఇద్దరు పోయి ప్రతి పిల్లను విడిగా, వాళ్ల భాషలో పలకరించాలి. ప్రభుత్వ బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలని, సగం మంది మహిళలు ఉండాలని విద్యాహక్కు చట్టం చెబుతుంది. ఆ కుర్చీల్లో మన తల్లులు కూర్చోవాలి. సంతకం పెట్టి లేవకుండా, రాత్రి హాస్టల్లో ఎవరుంటారు, స్నానాల గదికి గడియ ఉందా, పిల్ల ఇంటికి ఫోన్ చేయాలంటే ఎవరిని అడగాలి అని అడగాలి. 1098 నంబరు గోడ మీదనే కాదు, పిల్లల నోట ఉండాలి. జిల్లాలో బాలల సంక్షేమ సమితి ఎక్కడుందో ప్రతి టీచరుకు తెలియాలి.

తీజ్ పండక్కి ఆడపిల్లలు ఇంటికొస్తారు. తొమ్మిది రోజులు బుట్టల్లో గోధుమ మొలకలకు నీళ్లు పోస్తూ, పాడుతూ ఒక్కచోట ఉంటారు. పండగ సందడిలో పిల్ల ఒక మూలన మౌనంగా ఉంటే, హాస్టల్‌కు తిరిగిపోనని మొండికేస్తే, 'చదువు ఎగ్గొట్టడానికి నాటకం' అనకండి. పక్కన కూర్చోండి. ఏమైందని అడగండి. చెప్పింది నమ్మండి. తప్పు నీది కాదని మొదట చెప్పండి. తర్వాత ఫోన్ తీయండి.

మా తాతల కాలంలో పిల్ల బడిలో లేకపోతే ఎవరూ అడగలేదు. మా తరంలో బడికి రాని పిల్లను అడిగారు, కాబట్టే ఈ వ్యాసం రాయగలుగుతున్నాము. బడిలో ఉన్న పిల్లను కూడా అడగడం ఇప్పటి యువత, టీచర్లు ఎత్తుకోవలసిన పని.