‘ది సీక్రెట్ గార్డెన్’ నవలలో రెండు ఏడుపులు

భయము గొలుపు పాత భవనము, రాత్రివేళ వినవచ్చు ఏడుపు, పెద్దలు పెదవి విప్పని కుటుంబరహస్యము - ఈ మూడును ఒక్కచోట గూడిన నవలలు ఆంగ్ల బాలవాఙ్మయమున పెక్కు గలవు. వానిలో ఫ్రాన్సిస్ హాడ్జ్‌సన్ బర్నెట్ రచించిన ‘ది సీక్రెట్ గార్డెన్’ మిక్కిలి ప్రసిద్ధము. ఇది 1910లో ‘ది అమెరికన్ మేగజీన్’ అను పెద్దల పత్రికలో ధారావాహికముగా నారంభమై, 1911లో గ్రంథరూపమున వెలువడినది. పలువురు దీనిని తోటను గూర్చిన నవలగా చదువుదురు. అది తప్పు గాదు. కాని 27 ప్రకరణముల యీ గ్రంథమున తొలి సగము మూసిన గదుల కథ కూడ. ఆ కథకు గల వంశక్రమమును, అందు బర్నెట్ చేసిన మార్పును పరిశీలించుట యీ వ్యాసమున కుద్దేశము.

మూసిన గదులకు ఆంగ్లనవలలో మూలపురుషుడు హొరేస్ వాల్పోల్. 1764 డిసెంబరులో వెలువడిన ‘ది కాసిల్ ఆఫ్ ఒట్రాంటో’లో తాత చేసిన హత్య మనుమని కాలమున కోటను పట్టి పీడించును. అచ్చట దయ్యములు నిజముగానే దయ్యములు. ఆన్ రాడ్‌క్లిఫ్ మార్గము వేఱు. 1794 నాటి ‘ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో’లో భయమునకు తుదకు లౌకికకారణమే బయల్పడును. షార్లట్ బ్రాంటీ ‘జేన్ ఎయిర్’ (1847) ఈ రెండవ త్రోవను నడచినది. థార్న్‌ఫీల్డ్ భవనమున పైయంతస్తునుండి వినవచ్చు నవ్వు గ్రేస్ పూల్ అను పరిచారికదని జేన్‌ను నమ్మింతురు. నిజమునకు అది జమైకానుండి తెచ్చి దాచిన భార్యది. బర్నెట్ నవలలో యార్క్‌షైర్ బీటినడుమ ఆఱువందల యేండ్ల నాటి మిసెల్త్‌వైట్ మేనర్ గలదు. అందు సుమారు నూఱు గదులు, పెక్కింటికి తాళములు. ఇండియానుండి వచ్చిన పదేండ్ల మేరీ లెనాక్స్ ఏడుపు విని యడుగగా, మార్తా అను పనిపిల్ల అది గాలి యనును. అంతటితో నమ్మదని, పంటినొప్పితో బాధపడు వంటయింటి పిల్ల యనును. గ్రేస్ పూల్ ఘట్టము నెఱిగినవారికి ఈ పోలిక స్పష్టము. అయితే అచ్చట వలసదేశమునుండి వచ్చినది దాచబడిన స్త్రీ; ఇచ్చట వలసదేశమునుండి వచ్చినది దాచినదానిని కనుగొను బాలిక.

గాథిక్ నవలలో రహస్యము సాధారణముగా పెద్దల పాపము. ఇచ్చట నేరస్థుడు లేడు. కోలిన్ అను బాలుడు మరణించినచో ఆస్తి వైద్యుడైన డాక్టర్ క్రేవెన్‌కు చెందును. అతడు బాలుని తండ్రికి జ్ఞాతి. ఆ సంప్రదాయము నెఱిగిన పాఠకుడు వెంటనే యతనిని శంకించును. రచయిత్రి మాత్రము అతనిని దుర్మార్గుని జేయలేదు. జరిగినది వేఱు. తల్లి తోటలోని చెట్టుకొమ్మ విఱిగి పడి మరణించినది. తండ్రి ఆర్చిబాల్డ్ క్రేవెన్ తోటకు తాళము వేసి, తాళపుచెవిని పాతిపెట్టినాడు. తల్లి కన్నులు గల కుమారుని చూడలేక దేశములు తిరుగుచున్నాడు. ఈ యింట దాచబడినది పాపము గాదు, బిడ్డ.

మేరీయు అట్టి బిడ్డయే. ఇండియాలో తల్లి యామెను కంటబడకుండ నుంచినది. కలరాతో ఇల్లు ఖాళీయైన పిమ్మట బంగళాలో ఆమెను చూచిన అధికారి, ఎవరును ఎన్నడును చూడని ఆ బిడ్డ యిదియే యని గుర్తించును. దాచబడిన యీ యిద్దఱు నడిరేయి కలిసికొని, నీవు దయ్యమవా యని ఒకరి నొకరు ప్రశ్నించుకొందురు. దయ్యమనుకొన్నది మనుష్యుడని తేలుట పాతమాటయే. ఇరువైపుల ఆ శంక యుండుట, ఇరువురును పిల్లలే యగుట విశేషము.

జీవితమునకు రచనకు ముడివేయుట అపాయకరమని తెలిసియు ఒక్క విషయము చెప్పవలసియున్నది. బర్నెట్ పెద్దకుమారుడు లయొనెల్ 1890లో పదునాఱేండ్ల వయసున క్షయవ్యాధితో పారిస్‌లో మరణించెను. తన వ్యాధి యేదియో, తాను మరణించుచున్నాడనియు ఆ బాలునికి తెలియనీయక తల్లి చివరివరకు దాచినది. కోలిన్‌కు జరిగినది దీనికి తలక్రిందులు. తాను బ్రదుకడని పనివారు గుసగుసలాడుట వినివినియే యతడు మంచము పట్టినాడు.

ఇక మన దేశపు పాఠకుడు గమనింపదగిన దొకటి కలదు. నవలలో తొలి ఏడుపు మిసెల్త్‌వైట్‌లోనిది గాదు. మొదటి ప్రకరణమున ఇండియాలోని బంగళా సేవకుల గుడిసెలనుండి వెలువడినది. కలరాతో మేరీ ఆయా మరణించినందులకు తోడి పనివారు శోకించిన యేడుపది. దానిని వెదకుచు దీపము పట్టుకొని ఎవరును పోలేదు. ఆయా మరణమునకు మేరీ కంట తడిపెట్టలేదని గ్రంథమే చెప్పుచున్నది. ఇండియా నీ నవల చూచిన చూపు పాలకవర్గపు చూపే; సేవకులు సలాములకు, విధేయతకు ఉదాహరణములుగా మాత్రము మిగిలినారు.

అయినను ఆయా పూర్తిగా తొలగిపోలేదు. పదమూడవ ప్రకరణమున కోలిన్‌ను నిద్రపుచ్చుటకు మేరీకి వేఱుపాయము తెలియదు. ఆయా తనకు చేసినట్లే వాని చేయి నిమురుచు, హిందూస్థానీలో సన్నని జోలపాట పాడును. నూఱు గదుల యింట డాక్టరును నర్సును ఆపలేని యేడుపు నడిగినది, గుడిసెలో మరణించిన స్త్రీ పాట. విమర్శకుల దృష్టి యెక్కువగా తోటపై నిలుచుటచే ఈ ఘట్టము మఱుగున పడినదని నా యభిప్రాయము. రచయిత్రి కూడ దానిని చాలకాలము నిలుపలేదు. పదునేడవ ప్రకరణమున, కోలిన్ ఉద్రేకము శాంతించిన పిమ్మట, ఆ పాట పాడనా యని మేరీ యడుగును. మెత్తని పాట యని యతడు సంతోషించును గాని, వెంటనే మనసు మార్చుకొని, ఆయా పాటకు బదులు తోటలోపల నేమున్నదో మెల్లగా చెప్పుమని కోరును.