తెల్లముక్కు వ్యాధి: నివారణ నిధులు

తెల్లముక్కు వ్యాధి ఉత్తర అమెరికాలో శీతనిద్రలో ఉండే గబ్బిలాలకు సోకే శిలీంధ్ర వ్యాధి. దీనికి కారణం సూడోజిమ్నోఆస్కస్ డిస్ట్రక్టన్స్ అనే శిలీంధ్రం. ఈ వ్యాధి 2006లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక గుహలో తొలిసారి బయటపడింది. చల్లటి గుహల్లో పెరిగే ఈ బూజు గబ్బిలం మూతి మీద, రెక్కల మీద తెల్లగా పేరుకుంటుంది. దాంతో గబ్బిలం మాటిమాటికీ మేలుకుని, చలికాలానికి దాచుకున్న కొవ్వును ముందే కరిగించుకుంటుంది. పురుగులు దొరకని ఆ రోజుల్లో ఆకలితో చనిపోతుంది. ఇలా లక్షలాది గబ్బిలాలు నశించాయి.

నివారణ చర్యలను సమన్వయపరిచే అమెరికా ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ సర్వీస్ రాష్ట్రాలకు, పరిశోధకులకు గ్రాంట్లు ఇస్తూ వచ్చింది. నేషనల్ ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ ఫౌండేషన్ నిర్వహించే ‘బ్యాట్స్ ఫర్ ది ఫ్యూచర్ ఫండ్’ ప్రభుత్వ, ప్రైవేటు నిధులను కలిపి, అతినీలలోహిత కాంతితో శిలీంధ్రాన్ని చంపడం వంటి పద్ధతుల పరీక్షలకు సాయం చేసింది.