అపరిచితుణ్ణి నమ్మడం ఎలా?

విదేశీ విశ్వవిద్యాలయానికి దరఖాస్తు పంపే విద్యార్థికి అది ఒక ఆశ. దాన్ని అందుకొనే ఆచార్యునికి మాత్రం అది ఒక చిక్కు ప్రశ్న. ఎన్నడూ చూడని ఊరి నుంచి, పేరు పలకడానికి కూడా నోరు తిరగని కళాశాల నుంచి కొన్ని కాగితాలు వస్తాయి. వాటిలో మార్కులుంటాయి. ఆ మార్కుల విలువ ఎంతో ఆయనకు తెలియదు. ప్రశంసాపత్రాలుంటాయి. రాసినవారెవరో ఆయన ఎరుగడు. ఆ కాగితాల వెనుకనున్న మనిషిని నమ్మాలా వద్దా అన్నది ఆయన తేల్చుకోవాలి.

జీవరసాయనం, అణుజీవశాస్త్రం వంటి శాఖలలో ఈ ప్రశ్నకు బరువు ఎక్కువ. కారణం డబ్బు. అమెరికాలో ఎమ్మెస్ చదివే విద్యార్థి సాధారణంగా తన రుసుము తానే కట్టుకుంటాడు. ఈ శాస్త్రాలలో పీహెచ్‌డీకి చేరిన విద్యార్థికి మాత్రం రుసుమును శాఖే భరించి, పైన జీవనభృతి కూడా ఇస్తుంది. మొదటి ఏడాది అతడు రెండు మూడు ప్రయోగశాలల్లో కొన్నేసి వారాలు పనిచేసి, అందులో ఒకదానిని ఎంచుకుంటాడు. అక్కడి నుంచి పట్టా వరకు మొత్తం అయిదారేళ్ళు. అంటే ఒక అపరిచితుణ్ణి చేర్చుకోవడమంటే అయిదారేళ్ళ ఖర్చునూ, ఒక ప్రయోగశాలలో ఒక బల్లనూ అతని పేర రాసివ్వడం. ఈ నమ్మకాన్ని ఒక్కో తరం ఒక్కో విధంగా కుదుర్చుకుంది. ఆ చరిత్రలో కొన్ని ఘట్టాలను చెప్పుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫోలిన్ గారి ప్రయోగశాల

ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాలలో హార్వర్డు వైద్యకళాశాలలో జీవరసాయన శాఖకు ఆటో ఫోలిన్ అధిపతి. కొద్దిపాటి రక్తం తీసుకుని, అందులోని పదార్థాలను రంగు గాఢతను బట్టి కొలవడంలో ఆయన శాఖ పేరుపొందింది. ఆ శాఖకు కొద్ది సంవత్సరాల తేడాతో ఇద్దరు ఆసియా యువకులు చేరారు. ఇద్దరూ వచ్చిన దారులు వేరు.

మొదటివాడు చైనాలోని ఫుజౌ నగరంలో పుట్టిన శియెన్ వూ. 1900 నాటి బాక్సర్ తిరుగుబాటు తర్వాత చైనా మీద విదేశీ రాజ్యాలు పెద్ద నష్టపరిహారాన్ని మోపాయి. అందులో కొంత భాగాన్ని అమెరికా వదులుకొని, చైనా విద్యార్థుల చదువుకు మళ్ళించింది. ఆ వేతనం మీద శియెన్ వూ 1911లో ఎమ్ఐటీకి వెళ్ళాడు. మొదట చదవదలచుకున్నది ఓడల నిర్మాణం. తర్వాత మనసు రసాయనం వైపు మళ్ళింది, అక్కడి నుంచి ఫోలిన్ వద్దకు చేరాడు. 1919లో ఇద్దరి పేర్లతో వెలువడిన రక్త విశ్లేషణ పద్ధతి ప్రపంచమంతటా ఆసుపత్రులలో వాడుకలోకి వచ్చింది. 1920లో స్వదేశానికి వెళ్ళి పెకింగ్ యూనియన్ వైద్యకళాశాలలో చేరాడు. మాంసకృత్తులు వేడికి, ఆమ్లానికి ఎందుకు స్వభావం మార్చుకుంటాయో వివరిస్తూ 1931లో ఆయన ప్రతిపాదించిన సిద్ధాంతం ఆ రంగంలో తొలి మైలురాళ్ళలో ఒకటి.

రెండవవాడు మనకు చిరపరిచితుడు, భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మదరాసు వైద్యకళాశాలలో చదివిన ఆయనకు ఎం.బి.బి.ఎస్. కాక దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టా దక్కింది. శస్త్రచికిత్సకు ఖద్దరు తొడిగి వచ్చినందుకు ఆంగ్లేయ ఆచార్యునికి కలిగిన ఆగ్రహమే దానికి కారణమని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. ఆ కాగితాన్ని మాత్రమే చూసి లెక్కవేస్తే సుబ్బారావు రెండవ శ్రేణి వైద్యుడు! కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన భరోసాతోను, మామగారు సమకూర్చిన ధనంతోను ఆయన 1920ల తొలినాళ్ళలో బోస్టన్ చేరాడు. మొదట ఉష్ణమండల వైద్యం చదివాడు. పొట్ట గడవడానికి రాత్రివేళ ఆసుపత్రిలో రోగుల మలమూత్ర పాత్రలు ఎత్తాడు. ఆ తర్వాత ఫోలిన్ శాఖలో సైరస్ ఫిస్క్ దగ్గర పనికి కుదిరాడు. 1925లో భాస్వరాన్ని కొలిచే ఫిస్క్–సుబ్బారావు పద్ధతి, 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏటీపీ. డాక్టరేటు చేతికందింది 1930లో. అంటే లోకమెరిగిన పని ముందు, పట్టా తర్వాత.

ఒకరిది ప్రభుత్వ వేతనం, మరొకరిది ధర్మసంస్థ సాయం. పేర్లూ మార్కులూ కలిగించలేని నమ్మకాన్ని ఆ ఇద్దరి చేతిపని కలిగించింది. కాని దానికొక షరతు ఉంది. ముందు సముద్రం దాటి ఆ బల్ల దగ్గరికి చేరాలి. చేరలేని వేలమంది సంగతి ఎవరికి తెలుసు?

కొలబద్ద పుట్టుక

ఆ ప్రశ్నకు అమెరికా కనుగొన్న సమాధానం పరీక్ష. జి.ఆర్.ఇ. 1930లలో నాలుగు పెద్ద విశ్వవిద్యాలయాలలో ప్రయోగాత్మకంగా మొదలైంది. తర్వాత ఈటీఎస్ సంస్థ చేతికి వచ్చి దేశమంతటా వ్యాపించింది. 1964లో విదేశీయుల ఆంగ్లపరిజ్ఞానాన్ని కొలిచే టోఫెల్ వచ్చి చేరింది. మన దేశపు విద్యార్థులకు ఈ రెండూ చేరువలోకి వచ్చాయి. విదేశీ మారకం కటకటగా ఉన్న ఆ రోజుల్లో, జేబులో ఎనిమిది డాలర్లతో విమానమెక్కిన తరం గురించి మన ఇళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఎనిమిది డాలర్లవాడికి పరీక్షలో వచ్చిన అంకెలే సిఫార్సు.

చైనాలో ఆ అంకెలకు కూడా దిక్కులేకపోయింది. 1966లో సాంస్కృతిక విప్లవంతో విశ్వవిద్యాలయ ప్రవేశపరీక్షలు ఆగిపోయాయి. తిరిగి జరిగింది 1977 డిసెంబరులో. పదకొండేళ్ళపాటు పొలాల్లోను, కర్మాగారాల్లోను గడిపినవారు, అప్పుడే పాఠశాల ముగించినవారు కలిసి ఒకే గదిలో ఆ పరీక్ష రాశారు. అలా చేరిన మొదటి తరగతి వారు పట్టభద్రులయ్యేనాటికి బయటి ప్రపంచంతో వంతెనలేవీ లేవు. టోఫెల్ ఆ దేశంలో తొలిసారి జరిగింది 1981 చివరలోనే. దరఖాస్తు రుసుము కట్టాలంటే డాలరన్నది సామాన్యుని చేతికి అందదు. ప్రశంసాపత్రం రాయవలసిన ఆచార్యులకు దశాబ్దకాలంగా విదేశీ సహచరులతో ఉత్తరప్రత్యుత్తరాలు లేవు. విద్యార్థి ఎంత ప్రతిభావంతుడైనా అమెరికన్ శాఖ దృష్టిలో అతడు తెల్లకాగితమే.

ఒకే దరఖాస్తు

మొదట దారి చూపినవాడు భౌతికశాస్త్రవేత్త త్సుంగ్-డావ్ లీ. కొలంబియా విశ్వవిద్యాలయ ఆచార్యుడు, నోబెల్ గ్రహీత. 1979లో తన శాఖ తన సొంత విద్యార్థులకు పెట్టే అర్హతాపరీక్షనే చైనా విద్యార్థుల చేత రాయించాడు. నెగ్గినవారిని కొలంబియా చేర్చుకుంది. దాన్నే ఇతర విశ్వవిద్యాలయాలకూ విస్తరించగా కస్పియా అనే పథకమైంది. 1989 వరకు దాని ద్వారా 915 మంది భౌతికశాస్త్ర విద్యార్థులు అమెరికాకు వెళ్ళారు.

అదే నమూనాను జీవశాస్త్రానికి అన్వయించినవాడు కార్నెల్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు రే వూ. ఈయన ఎవరో కాదు, ఫోలిన్ శిష్యుడైన ఆ శియెన్ వూ కుమారుడే! 1928లో బీజింగ్‌లో పుట్టి, యౌవనంలో అమెరికా చేరి, 1955లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో డాక్టరేటు పొందాడు. డీఎన్ఏలోని అక్షరాల వరుసను చదవడానికి 1970 ప్రాంతంలో తొలి పద్ధతులలో ఒకదాన్ని కనుగొన్న ఘనత ఆయనది. తర్వాతి కాలంలో కొత్త జన్యువులను చేర్చి వరిపైరును చీడకూ కరువుకూ తట్టుకొనేలా చేసే పరిశోధనలకు పూనుకున్నాడు.

రే వూ పథకం పేరు కస్బియా. చైనా–అమెరికా జీవరసాయన పరీక్షా, దరఖాస్తూ అన్న ఆంగ్లపదాల తొలి అక్షరాలతో కూర్చిన పేరది. అది పనిచేసిన తీరు ఇది. చైనా విశ్వవిద్యాలయాలు తమ ఉత్తమ విద్యార్థులను పరీక్షకు పంపేవి. పరీక్ష ఆంగ్లంలో జరిగేది. అమెరికా నుంచి ఆచార్యులు వెళ్ళి అభ్యర్థులతో ముఖాముఖి మాట్లాడి, వారిని గూర్చి తమ అభిప్రాయం రాసేవారు. ఎంపికైనవారి వివరాలు అనేక అమెరికన్ శాఖలకు ఒకేసారి వెళ్ళేవి. విద్యార్థి విడివిడిగా రుసుములు కట్టి, విడివిడిగా పత్రాలు పంపే పని లేదు. చేర్చుకున్న శాఖ భృతి ఇచ్చేది. మొదటి జట్టు 1982లో బయలుదేరింది. ఏడాదికి ఇంచుమించు అరవై మంది చొప్పున, 1989లో పథకం ముగిసేనాటికి నాలుగు వందల పైచిలుకు విద్యార్థులు వెళ్ళారు.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కస్బియాలో పరీక్ష ఒక భాగం మాత్రమే. మిగతా భాగం పూచీ. రే వూ మాట మీద, ఎదురుగా కూర్చుని మాట్లాడి వచ్చిన ఆచార్యుల మాట మీద అమెరికన్ శాఖలు ఆ అపరిచితులను నమ్మాయి. సుబ్బారావు చేతిపని చూసి ఫిస్క్ నమ్మాడు. ఇక్కడ ఆ చూపును సముద్రం అవతలికి మోసుకుపోయారు.

లాభమూ నష్టమూ

ఆ నాలుగు వందల మందిలో షియావోడాంగ్ వాంగ్ ఒకడు. బీజింగ్ నార్మల్ విశ్వవిద్యాలయం నుంచి 1985లో టెక్సస్ చేరాడు. జీవకణం తన్ను తాను అంతం చేసుకొనే ప్రక్రియలో సైటోక్రోమ్ సి అనే మాంసకృత్తి పాత్రను ఆయన బృందం 1996లో బయటపెట్టింది. 2004లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీకి ఎన్నికయ్యాడు. మొదటి జట్టుకు చెందిన యాంగ్ షీ 2004లో హిస్టోన్లపై మిథైల్ గుర్తులను తొలగించే ఎంజైమును కనుగొని, అవి చెరగని గుర్తులన్న అప్పటి అభిప్రాయాన్ని తోసిపుచ్చాడు.

అయితే వెళ్ళినవారిలో అత్యధికులు అక్కడే ఉండిపోయారు. 1989 జూన్‌లో తియానన్మెన్ ఘటనల తర్వాత, అమెరికాలోని చైనా విద్యార్థులకు శాశ్వత నివాసం కల్పించే చట్టం 1992లో వచ్చింది. తండ్రి శియెన్ వూ పట్టా పుచ్చుకున్న కొద్ది సంవత్సరాలకే స్వదేశానికి వెళ్ళాడు. కొడుకు పంపించిన తరం రెండు దశాబ్దాల తర్వాత, అదీ కొందరే, వెనుదిరిగింది. వాంగ్ బీజింగ్‌లో 2003లో నెలకొన్న జాతీయ జీవశాస్త్ర సంస్థకు సారథ్యం వహించి, 2010లో పూర్తిగా అక్కడికే మారాడు. రే వూ 2008 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. తన మొక్కలు కాపుకు రావడం చూశాడు, ఆ ఫలాలు ఇంటికి చేరడం మొదలైనప్పుడే వెళ్ళిపోయాడు.

మనకు ఇటువంటి పథకం లేదు. ఆ అవసరమూ అంతగా కలగలేదు, పరీక్షలూ ఆంగ్లమూ మనకు ముందునుంచే ఉన్నాయి కనుక. కాని ఒకే పరీక్షతో అనేక ద్వారాలు తెరిచే ఊహ మనకు కొత్తది కాదు. బయోటెక్నాలజీ ఎమ్మెస్సీకి జె.ఎన్.యు. ఏళ్ళ తరబడి జరిపిన ఉమ్మడి ప్రవేశపరీక్ష అటువంటిదే. మారుమూల డిగ్రీ కళాశాలలో చదివిన పిల్లలు ఆ ఒక్క పరీక్షతో దేశంలోని మంచి శాఖలకు చేరి, అక్కడి నుంచి పరిశోధనకు మళ్ళారు.

కొలబద్ద విరిగిన తర్వాత

ఇటీవలి కాలంలో కథ మరో మలుపు తిరిగింది. జీవరసాయన, కణ, అణుజీవశాస్త్రాలకు ఉండిన జి.ఆర్.ఇ. ప్రత్యేక పరీక్షను 2016 డిసెంబరుతో ఆపివేశారు. 2017లో నార్త్ కరొలైనా, వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయాల నుంచి రెండు అధ్యయనాలు వెలువడ్డాయి. తమ దగ్గర జీవవైద్యశాస్త్రాలలో పీహెచ్‌డీకి చేరిన విద్యార్థుల జి.ఆర్.ఇ. అంకెలకూ, తర్వాత వారు ప్రచురించిన పరిశోధనాపత్రాలకూ సంబంధం కనబడలేదని రెండూ తేల్చాయి. నార్త్ కరొలైనా వారి లెక్కలో కొంతైనా జోస్యం చెప్పగలిగినవి ప్రశంసాపత్రాలే. చేరినవారినే లెక్కించి, చేరనివారిని వదిలేస్తే కొలత సరిగా రాదన్న ఆక్షేపణ ఒకటి ఉండనే ఉంది. ఏమైతేనేం, ఆ తర్వాతి కొద్ది సంవత్సరాలలో ఈ శాస్త్రాలకు చెందిన అనేక శాఖలు జి.ఆర్.ఇ.ని వదిలేశాయి.

ఇది మంచికే అనిపిస్తుంది. పరీక్షరుసుము మిగిలింది, కోచింగు బాధ తప్పింది. కాని మన నల్గొండలోనో పార్వతీపురంలోనో చదివిన ఒక అమ్మాయి స్థానంలో నిలబడి చూడండి. ఆమె కళాశాలలో ప్రయోగాలంటే ఏటా అవే నాలుగు. ఆమెకు ప్రశంసాపత్రం రాసే అధ్యాపకుడు ఎంత సహృదయుడైనా ఆయన పేరు బోస్టన్‌లో ఎవరూ ఎరుగరు. పెద్ద పరిశోధనాసంస్థలో వేసవి శిక్షణ దొరికిన నగరపు విద్యార్థికి ఆ సంస్థాచార్యుని ఉత్తరం ఉంది. ఈమెకు ఉన్నది ఒక్క అంకె. దాన్నీ లెక్కలోకి తీసుకోమంటే, అన్యాయమైన కొలబద్దతో పాటు ఆమెకున్న ఒకే ఒక్క గొంతు కూడా పోయినట్లే.

దీనికి తోడు, ఎంపికయ్యాక కూడా నిశ్చింత లేదని 2025 చూపింది. పరిశోధనానిధుల మీద అమెరికా ప్రభుత్వం కోతలు మొదలుపెట్టగానే కొన్ని శాఖలు ప్రవేశాలను తగ్గించాయి. మసాచుసెట్స్‌లోని ఒక ప్రభుత్వ వైద్యవిశ్వవిద్యాలయం ఆ ఏడాది జీవవైద్య పీహెచ్‌డీకి అప్పటికే ఇచ్చిన అవకాశాలను వెనక్కి తీసుకుంది. భృతి ఇచ్చే చెయ్యే తలుపు మూసే చెయ్యి కాగలదు.

ఈ శతాబ్దపు కథను కలిపి చూస్తే తోచేది ఇది. అంకెలు ఎప్పుడూ పూర్తి నిజం చెప్పలేదు, సుబ్బారావు ఎల్.ఎం.ఎస్. పట్టాయే అందుకు సాక్షి. ఉత్తరాలు పరిచయస్థులకే పనికివచ్చాయి. రెంటికీ ఉన్న లోటును పూడ్చినది మూడోది: దూరం వెళ్ళి, ఎదురుగా కూర్చుని, ఒక అపరిచితుని కోసం తన పేరును పూచీగా పెట్టడానికి సిద్ధపడిన మనిషి. రే వూ ఎనిమిదేళ్ళు ఆ పని చేశాడు. మన రాష్ట్రాల నుంచి వెళ్ళి నేడు ఆ దేశపు ప్రయోగశాలల్లో ఆచార్యులైనవారు తక్కువేమీ కాదు. ఏడాదికి ఒకసారి ఊరికి వచ్చినప్పుడు, తమ పాత జిల్లా కళాశాల మెట్లెక్కి ఒక గంట అక్కడి పిల్లలతో మాట్లాడి, వారిలో ఒక్కరికి తమ పేరు మీద ఒక ఉత్తరం రాసివ్వగలిగితే, దానికి పథకమూ అక్కర్లేదు, ప్రభుత్వ ఒప్పందమూ అక్కర్లేదు.