బోధన్ చెరుకు నేల, స్పానిష్ చదువులు

విదేశీ చదువు ఒక ప్రాంతపు బతుకును ఎంతగా మార్చగలదో చెప్పాలంటే నిజామాబాద్ జిల్లాకు మించిన ఉదాహరణ నాకు కనిపించదు. హైదరాబాద్ సంస్థానం ఇచ్చిన ఉపకార వేతనంతో 1896లో ఇంగ్లండ్ వెళ్లి, కూపర్స్ హిల్ కళాశాలలో ఇంజినీరింగ్ చదివిన అలీ నవాజ్ జంగ్ తిరిగొచ్చి మంజీరా నది మీద నిజాంసాగర్ కట్టించారు. 1923లో మొదలైన పని 1931కి పూర్తయింది. కాలువ నీళ్లు పారిన చోట చెరుకు పండింది. ఆ చెరుకును నమ్ముకునే 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వెలిసింది. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడేదాకా ఈ ఊళ్ల జీతాలు, పెళ్లిళ్లు, పిల్లల ఫీజులు దానిమీదే నడిచాయి.

సంస్థానం రోజుల్లో పైచదువంటే ఇంగ్లండే. 1895లో సరోజినీ నాయుడు వెళ్లిందీ నిజాం ఉపకార వేతనంతోనే, అదే దేశానికి. తర్వాతి తరాలకు అమెరికా తోడైంది. చదువు సాగనివాళ్లను గల్ఫ్ పిలిచింది. స్పానిష్ మాట్లాడే స్పెయిన్, మెక్సికో, అర్జెంటీనా ఈ దారుల్లో ఎక్కడా తగల్లేదు.

అటువైపు తలుపులు మాత్రం నూరేళ్ల కిందటే తెరిచి ఉన్నాయి. మాడ్రిడ్‌లో చరిత్ర అధ్యయన కేంద్రం, భాషా పండితుడు మెనెండెజ్ పిదాల్ నాయకత్వంలో, 1912లోనే విదేశీయుల కోసం వేసవి తరగతులు పెట్టింది. మెక్సికో జాతీయ విశ్వవిద్యాలయం 1921లో వేసవి పాఠశాల ప్రారంభించింది. స్పెయిన్‌లోని శాంతాందేర్‌లో 1932లో అంతర్జాతీయ విశ్వవిద్యాలయమే పుట్టింది. 1218 నాటి సలమాంకా విశ్వవిద్యాలయం కూడా నేడు విదేశీ విద్యార్థులకు భాషా కోర్సులు నడుపుతోంది. ఇలాంటి కోర్సుల్లో భాష ఒక్కటే నేర్పరు. ఆ దేశ చరిత్ర, సాహిత్యం, కళలు కలిపి చెబుతారు. భాష పట్టుబడ్డాక విద్యార్థి అక్కడి పిల్లల పక్కనే కూర్చుని మామూలు పాఠాలు వింటాడు. 1987లో యూరప్‌లో ఎరాస్మస్ పథకం వచ్చాక ఇలా ఒక సెమిస్టరో ఏడాదో మరో దేశంలో చదవడం అక్కడ మామూలైపోయింది.

మన దగ్గర స్పానిష్‌కు నిలకడైన చోటు హైదరాబాద్. 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, 1972లో విదేశీ భాషలను పేరులో చేర్చుకుని, 2007లో కేంద్రీయ విశ్వవిద్యాలయంగా మారిన ఇంగ్లిషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం (ఇఫ్లూ)లో నేడు స్పానిష్‌లో బి.ఎ., ఎం.ఎ. చదవొచ్చు. 2009లో ఢిల్లీలో స్పెయిన్ ప్రభుత్వపు సెర్వాంతెస్ సంస్థ తెరుచుకున్నాక స్పానిష్ ప్రావీణ్యాన్ని తేల్చే డెలే పరీక్ష రాయడమూ తేలికైంది.

అయితే నన్ను ఎక్కువగా కదిలించేది అనంతపురం కథ. బార్సిలోనాలో పుట్టి 1952లో క్రైస్తవ మిషనరీగా భారతదేశం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్, 1969లో ఆ కరువు జిల్లాలో స్థిరపడి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టారు. 2009లో ఆయన కన్నుమూశారు. ఆ ట్రస్టు పల్లెల నుంచి వచ్చిన పేద పట్టభద్రులకు స్పానిష్, ఫ్రెంచి, జర్మన్ నేర్పే బడి నడుపుతోంది. కూలి కుటుంబాల పిల్లలు కొన్ని నెలల్లో స్పానిష్ పట్టగలరని ఆ బడి రుజువు చేసింది. తెలుగు, ఉర్దూ, మరాఠీ, హిందీ వింటూ పెరిగే బోధన్ పిల్లలకు ఇంకో భాష బరువవుతుందని నేను నమ్మను.

ఇక్కడొక హెచ్చరిక చెప్పాలి. స్పానిష్ మాట్లాడే దేశాల్లో ఎంబీబీఎస్ అంటూ ఎవరైనా ఆశపెడితే తల్లిదండ్రులు ఆగి ఆలోచించాలి. 2021 నవంబరు జాతీయ వైద్య కమిషన్ నిబంధనల ప్రకారం విదేశాల్లో వైద్యవిద్య ఇంగ్లిషు మాధ్యమంలోనే సాగి ఉండాలి. స్పానిష్‌లో చదివిన వైద్య పట్టా మన దగ్గర ప్రాక్టీసుకు పనికిరాదు. వ్యవసాయం, ఇంజినీరింగ్, పర్యాటకం, వ్యాపార నిర్వహణ చదువులకు ఆ చిక్కు లేదు. వాటిలో చేరడానికి చాలాచోట్ల బి2 స్థాయి, అంటే మధ్యస్థాయికి కాస్త పైనున్న స్పానిష్ అడుగుతారు. స్పెయిన్‌లో చదువుకుంటూ వారానికి 30 గంటల వరకు పని చేసుకోవచ్చని 2022 సవరణ చెబుతోంది. రైతు కుటుంబానికి ఇది చిన్న ఊరట కాదు.

లోపమంతా మన వైపే ఉంది. తెలంగాణ ప్రభుత్వం పేద విద్యార్థులకు 20 లక్షల రూపాయల దాకా ఇచ్చే ఓవర్సీస్ విద్యానిధి అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, కెనడా, సింగపూర్‌లతో పాటు జర్మనీ, ఫ్రాన్స్, జపాన్, దక్షిణ కొరియా, న్యూజిలాండ్‌లను గుర్తించింది. ఆ వరుసలో స్పెయిన్ లేదు, లాటిన్ అమెరికా దేశమేదీ లేదు. 2020 జాతీయ విద్యావిధానం బడుల్లో నేర్పదగిన విదేశీ భాషల్లో స్పానిష్‌ను పేరుపెట్టి చెప్పినా విద్యానిధి జాబితా అటు చూడలేదు.

2006లో ఏర్పడి డిచ్‌పల్లిలో నడుస్తున్న తెలంగాణ విశ్వవిద్యాలయం ఇఫ్లూ సాయంతో సాయంత్రం పూట ఒక స్పానిష్ సర్టిఫికెట్ కోర్సు నడపాలి. ప్రభుత్వం విద్యానిధి జాబితాలో స్పెయిన్‌ను చేర్చాలి. జిల్లా ప్రజాప్రతినిధులు ఈ రెండింటినీ వచ్చే విద్యా సంవత్సరంలోపే అడిగి సాధించాలి.