ప్లాస్మా తీరమున లోహశలాక

కేంద్రక సంలీన పరిశోధనలను గూర్చి వ్రాయువారు సాధారణముగా పది కోట్ల డిగ్రీల తాపముగల గర్భభాగమును వర్ణించుటయందే యుత్సాహము చూపుదురు గాని, ఆ తేజోరాశి తన్ను చుట్టియున్న గోడను సమీపించు సన్నని యంచునందు జరుగు వ్యవహారమే యంత్రముయొక్క యాయుస్సును నిర్ణయించునన్న సంగతి యంతగా ప్రచారములోనికి రాలేదు. ఆ యంచున ప్లాస్మా నిశ్చలముగా నుండదు. అయస్కాంత రేఖల వెంబడి ప్రవహించును. ఏ దిక్కునకు, ఎంత వేగముతో నన్న ప్రశ్నకు సమాధానము రాబట్టుటకు నేటికిని వాడుకలోనున్న ముఖ్యసాధనములలో నొకటి, చూపునకు మిక్కిలి సామాన్యమైన యొక లోహశలాక. దీనినే ప్రోబ్ అందురు.

దీని చరిత్ర సంలీన యంత్రములకంటె ప్రాచీనము. న్యూయార్కు రాష్ట్రమున స్కెనెక్టడీ పట్టణములోని జనరల్ ఎలక్ట్రిక్ పరిశోధనాలయమున విద్యుద్దీపములపై కృషి చేసిన యిర్వింగ్ లాంగ్‌మ్యూర్, మాట్-స్మిత్ అను సహచరునితో గూడి 1920ల నడుమ దీనికి శాస్త్రీయమైన పునాది వేసెను. అంతకు పూర్వమును వాయువులో తీగను ముంచి, అది పొందు పొటెన్షియలే పరిసర ప్రదేశపు పొటెన్షియలని లెక్కించువారు లేకపోలేదు. కాని యెలక్ట్రానులు అయానులకంటె మిక్కిలి చురుకైనవగుటచే ముందుగా వచ్చి పడి తీగను ఋణావేశితము చేయుననియు, కావున ఆ కొలత మోసకరమనియు లాంగ్‌మ్యూర్ నిరూపించెను. తీగకిచ్చు వోల్టేజిని క్రమముగా మార్చుచు, దానిలోనికి వచ్చు విద్యుత్ ప్రవాహమును గమనించినచో ప్లాస్మాయొక్క తాపమును, సాంద్రతను గ్రహింపవచ్చును. వోల్టేజి మిక్కిలి ఋణాత్మకమైనప్పుడు ఎలక్ట్రానులు వెనుకకు మరలి అయానులు మాత్రమే వచ్చి చేరగా, ప్రవాహము ఇంచుమించుగా నొక హద్దున నిలుచును. ప్రవాహవేగపు కొలతకు ఆధారమైనది ఈ హద్దే.

మాస్కోలోని కుర్చతోవ్ సంస్థయందు టోకమాక్ అను వలయాకార సంలీన యంత్రము పుట్టి పెరిగిన పిమ్మట శలాకకు గర్భప్రవేశము లేకపోయెను. 1969లో టి-3 యంత్రపు తాపమును బ్రిటిషు శాస్త్రజ్ఞులు లేజరు కాంతితో కొలిచి ధ్రువపరచిరి; లోహమునకు అచ్చట తావు లేదు. కాని యంచున తాపము కొన్ని లక్షల డిగ్రీలకు దిగును, సాంద్రతయు తగ్గును. కావున శలాకను సెకనులో స్వల్పభాగముపాటు లోనికి దూర్చి, కరగకమునుపే వెనుకకు లాగివేయు యుపాయమును ప్రయోగశాలలవారు కనిపెట్టిరి.

ప్రవాహమును కొలుచుటకు శలాకపై రెండు సంగ్రాహకములు, అనగా అయానులను పట్టు లోహముఖములు, వలయును. నడుమ విద్యున్నిరోధకమైన యడ్డుతెర నుంచి, వానిని అయస్కాంత రేఖవెంబడి చెరియొక దిక్కునకు త్రిప్పి యుంచుదురు. కృష్ణ వరదలో వంతెన స్తంభమును చూచినవారికి ఈ సూత్రమును వివరింప నక్కరలేదు: ఎగువ ముఖమున నీరెగదన్నును, దిగువ ముఖమున పల్లము పడును. ఎగువ సంగ్రాహకమునకు వచ్చు అయానుల ప్రవాహమును దిగువ దానితో భాగించినచో వచ్చు నిష్పత్తినుండి, ధ్వనివేగముతో పోల్చిన ప్లాస్మావేగము, అనగా మాక్ సంఖ్య, తేలును. అందుచే దీనికి మాక్ ప్రోబ్ అని పేరు. ఇట్టి దిశాసూచక శలాకలను గూర్చి హ్యూడిస్, లిడ్‌స్కీ అనువారు 1970లో వ్రాసిరి.

అయితే నిష్పత్తిని వేగముగా మార్చు సూత్రమేది? ఈ చరిత్రలో నాకు మిక్కిలి రుచించు ఘట్టమిదియే. శలాక తన వెనుక అయస్కాంత రేఖల వెంబడి ప్లాస్మాను ఖాళీ చేయును. ఆ లోటు ప్రక్కలనుండి వచ్చు కణములచే పూడును. 1984లో స్టాంజ్‌బీ అను శాస్త్రజ్ఞుడు వేసిన లెక్కలో స్నిగ్ధతకు, అనగా ప్రక్కపొరలు ఒకదానినొకటి లాగుకొనుటకు, తావు లేదు. కొలదికాలమునకే మసాచుసెట్స్ సాంకేతిక సంస్థకు చెందిన హచిన్సన్, కణములతోపాటు వాని ద్రవ్యవేగము కూడ ప్రక్కలకు వ్యాపించుననియు, దానిని విడువరాదనియు వాదించెను. ఫలితమున కలిగిన భేదము స్వల్పము కాదు. నిష్పత్తి మూడైనచో మొదటి లెక్క ప్రకారము ప్లాస్మా ధ్వనివేగమున పోవుచున్నట్లు. రెండవ లెక్క ప్రకారము అందులో సగమైనను లేనట్లు. శలాక యొకటే, అంకెలు అవియే! పిమ్మట హచిన్సన్ పక్షమే విశేషముగా నంగీకృతమైనది.

మన దేశమున గాంధీనగరు చెంత ప్లాస్మా పరిశోధన సంస్థలో 1989లో పని మొదలిడిన ఆదిత్య టోకమాక్‌లోను శలాకలే యంచును పరీక్షించినవి. అచ్చటి ప్లాస్మాలోని సంక్షోభము, అనగా అల్లకల్లోలము, ఎడతెగనిది గాక, ఉండియుండి విజృంభించునదని 1992లో ప్రకటింపబడినది.

ప్రవాహపరిశోధన కేవలము పాండిత్యవినోదము కాదు. జెట్ అను టోకమాక్ యంత్రమున 1997లో ట్రీటియమను సంలీన యింధనముతో జరిపిన ప్రయోగముల పిమ్మట గోడలనుండి రాలిన కార్బను, ట్రీటియమును వెంటబెట్టుకొని, వెలికివచ్చు ప్లాస్మాను స్వీకరించు భాగమైన డైవర్టరునకు లోపలివైపు చెంత పేరుకొనియుండెను. అచ్చటికి దానిని మోసికొనిపోవుటలో అంచు ప్రవాహమునకు భాగము కలదు. ఆల్కేటర్ సి-మాడ్ అను టోకమాక్ యంత్రమున లాబాంబర్డ్ బృందము, లోపలి గోడనుండియు శలాకను చొప్పించి, 2004లో ఆ ప్రవాహమునకు ముఖ్యకారణమును వెలువరించెను: కణములు అయస్కాంత బలము తక్కువైన వెలుపలి ప్రక్కనే యధికముగా వెలికివచ్చి, రేఖలను పట్టుకొని లోపలి ప్రక్కకు ఇంచుమించుగా ధ్వనివేగముతో పరుగిడుచున్నవి. అయస్కాంత నిర్మాణమును తలక్రిందులు చేయగా ఆ ప్రవాహపు దిక్కును మారెను.

కావున మాక్ సంఖ్యలను ప్రకటించు పరిశోధకులకు నాదొక మనవి: ఏ సిద్ధాంతముచే వేగమును గణించితిరో చెప్పుటతోపాటు, రెండు ముఖములనుండి వచ్చిన విద్యుత్ ప్రవాహములను కూడ విడివిడిగా అచ్చువేయుడు, సిద్ధాంతము మారినను ఆ రెండంకెలు పనికివచ్చును.