కుక్కకు బొచ్చు రాలితే.. పిచ్చి కాదు, గజ్జి కావచ్చు

బొచ్చు ఊడి, ఒళ్లంతా పుండ్లు పడిన కుక్క వీధిలోకి వస్తే పిచ్చికుక్కగా భావించి కర్రలతో తరమడం పల్లెల్లో పరిపాటి. నిజానికి బొచ్చు రాలడం రేబిస్ లక్షణం కాదు. చాలా సందర్భాల్లో అది మందులతో నయమయ్యే చర్మవ్యాధి. అయినా ఏ కుక్క కరిచినా గాయాన్ని సబ్బునీటితో పదిహేను నిమిషాలు కడిగి, టీకా వేయించుకోవాల్సిందే.

కాలానుగుణంగా పాత వెంట్రుకలు రాలి కొత్తవి రావడం శునకాలకు సహజం. అప్పుడు చర్మం బయటపడదు, దురద ఉండదు. అక్కడక్కడా నున్నటి మచ్చలు ఏర్పడినా, చర్మం ఎర్రబారినా, పొలుసులు లేచినా వ్యాధిగా గుర్తించాలి.

గజ్జి రెండు రకాలు

సార్కోప్టిక్ గజ్జి పురుగు కంటికి ఆనదు. చర్మంలో సొరంగాలు తొలిచి గుడ్లు పెడుతుంది. చెవి అంచులు, మోచేతులు, పొట్ట భాగంలో ముందుగా బొచ్చు ఊడుతుంది. కుక్క తిండి మాని గోక్కుంటూనే ఉంటుంది. చెవి అంచును వేళ్లతో రుద్దగానే వెనుక కాలు ఆడిస్తే దీనిని అనుమానించవచ్చు. ఇతర కుక్కలకు త్వరగా అంటుకుంటుంది. ఎత్తుకుని ముద్దుచేసే వారి చేతులపై, పొట్టపై ఎర్రటి దద్దుర్లు లేస్తాయి. మనిషి ఒంటిపై ఈ పురుగు వృద్ధి చెందదు కనుక, కుక్కకు చికిత్స చేయిస్తే అవీ తగ్గుతాయి.

డెమోడెక్టిక్ గజ్జి తీరు వేరు. పుట్టిన తొలి రోజుల్లోనే తల్లి నుంచి పిల్లకు చేరిన పురుగులు వెంట్రుకల కుదుళ్లలో ఉండి, రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు పెరుగుతాయి. కళ్లు, మూతి చుట్టూ, ముందుకాళ్లపై బొచ్చు పోతుంది. మొదట్లో దురద అంతగా ఉండదు. మనుషులకు సోకదు. పిల్లల్లో ఒకటి రెండు మచ్చలైతే తరచూ వాటంతటవే మానుతాయి. ఒళ్లంతా వ్యాపిస్తే నెలల తరబడి మందు వాడాలి. దురద తగ్గేందుకని స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయిస్తే ఈ గజ్జి మరింత ముదురుతుంది.

గుండ్రటి మచ్చలుగా ఊడితే తామర కావచ్చు. ఇది పిల్లలకు అంటుతుంది. దురద లేకుండా రెండు పక్కలా సమానంగా పల్చబడి, కుక్క లావెక్కి మందకొడిగా ఉంటే థైరాయిడ్ లోపమేమో రక్తపరీక్షతో తెలుసుకోవాలి. మాంసకృత్తులు లేకుండా పెరుగన్నంతోనే పెంచినా బొచ్చు నిగారింపు కోల్పోతుంది.

ఇంజిన్ ఆయిల్ పూయరాదు

ట్రాక్టరు నుంచి తీసిన పాత ఇంజిన్ ఆయిల్, కిరోసిన్, ఫినాయిల్ పూయడం నేటికీ కొనసాగుతోంది. చవకగా దొరుకుతుందే తప్ప అది మందు కాదు. చర్మం కాలుతుంది. కుక్క ఒళ్లు నాకడంతో ఆ విషం కడుపులోకి చేరి ప్రాణం మీదకు వస్తుంది.

పశువైద్యులు చర్మాన్ని బ్లేడుతో గీకి సూక్ష్మదర్శినిలో పరీక్షిస్తారు. సార్కోప్టిక్ పురుగు ఒక్కోసారి అందులో దొరకదు కనుక లక్షణాలను బట్టీ చికిత్స చేస్తారు. పశువులకు వాడే ఐవర్‌మెక్టిన్‌ను అంచనాగా వేయడం ప్రమాదకరం. కోలీ జాతి శునకాలకు ప్రాణాంతకం కాగలదు. ఫ్లూరలనర్, అఫోక్సోలనర్ మాత్రలు ప్రస్తుతం అందుబాటులో ఉన్నాయి. వీటినీ కుక్క బరువును బట్టి వైద్యుడే నిర్ణయించాలి. సార్కోప్టిక్ గజ్జి అయితే ఇంట్లోని కుక్కలన్నింటికీ ఒకేసారి మందు వాడి, పడుకునే గోనెలను వేడినీటితో ఉతికి ఎండలో ఆరవేయాలి. ఆసుపత్రికి తీసుకెళ్లే ముందు స్నానం చేయించినా, పసుపు, నూనె పూసినా పరీక్షలో వ్యాధి ఆనవాళ్లు సరిగా దొరకవు.